జత ధర, విడి ధర

పాత పెట్టె మూత తీయగానే ఒక వాసన వస్తుంది. లోపల పరిచిన బనాతు గుడ్డది కొంత, ఎప్పుడో ఎండిపోయిన నూనెది కొంత, మిగిలింది చెక్కది. ఈ ఉదయం దోహాలో అల్ హిలాల్‌లోని మా ఆఫీసులో ఒక పెద్దమనిషి తెచ్చిన పెట్టె తెరిస్తే అదే వాసన వచ్చింది. అది తన తాతగారిదని, దాని వెనక పెద్ద కథ ఉందని ఆయన మొదలుపెట్టబోయాడు. "ముందు నన్ను చూడనివ్వండి, కథ తర్వాత తీరిగ్గా వింటాను" అన్నాను. అన్నాక, ఆ మాట నాది కాదని గుర్తొచ్చింది. అది గంగారాం సార్ మాట. ఆయన పోయి ఏడాది దాటింది. నా నోట్లో మాత్రం ఇంకా డ్యూటీ చేస్తూనే ఉన్నారు.

మాది పాత వస్తువులకు ధర కట్టే చిన్న కంపెనీ. ఇళ్ళలో పంపకాలు జరిగేటప్పుడు, బీమా చేయించుకునేటప్పుడు, అమ్మకానికి పెట్టాలనుకున్నప్పుడు ఇక్కడి కుటుంబాలు మమ్మల్ని పిలుస్తాయి. గడియారాలు, బాకులు, తివాచీలు, వాటితో పాటు పిస్తోళ్ళు. పిస్తోలు పాతదైనా కొత్తదైనా అనుమతి కాగితం చూపిస్తేనే మేం దాని మీద చెయ్యి వేసేది. ఆ విభాగానికి పెద్ద గంగారాం సార్. జగిత్యాల దగ్గరి మనిషి. హైదరాబాదులో చదువుకుని, ఇక్కడికి గుమాస్తాగా వచ్చి, ఒక ఇంగ్లండు వ్యాపారి దగ్గర ఈ విద్య నేర్చుకున్నారు. బట్టతల, మడత నలగని చొక్కా, ఎవరి మాటా పూర్తిగా నమ్మనట్టుండే చూపు. ఊళ్ళో ఆయన పనేమిటో ఎవరికీ తెలియదు, వాళ్ళకి గల్ఫ్ అంతా దుబాయే. "దుబాయ్‌ల తుపాకుల పని అంటే మా దిక్కు ఊకుంటరా? రేపటికల్లా ఠాణాకు పిలుస్తరు. మా అమ్మ గడియారాల పని అని చెప్పింది. ఊరోళ్ళందరు బందువడ్డ గడియారాలు దాచిపెట్టి, నేను పోంగనే ముందల పెడ్తరు" అనేవారు. సెలవుకి వెళ్ళినప్పుడల్లా ఆ గడియారాలకి కొత్త సెల్లులు వేయించి ఇచ్చేవారట.

మాది కాకినాడ. మా ఆయనకి గ్యాస్ కంపెనీలో ఉద్యోగం, అప్పట్లో అల్ ఖోర్‌లో ఉండేవాళ్ళం. పొద్దస్తమానం ఇంట్లో కూర్చోలేక, బీకాం పట్టా ఒకటి ఉంది కదా అని దరఖాస్తు పెట్టాను. తుపాకుల దగ్గర కూర్చోవాలని తెలిస్తే పెట్టేదాన్ని కాదు. ఇంటర్వ్యూలో గంగారాం సార్ నా పట్టా వైపు కూడా చూడలేదు.

"ఎప్పుడన్న బంగారం అమ్మినవా అమ్మా?"

"ఒకసారి అమ్మానండి. గాజులు."

"ఏమైంది?"

"కొన్నప్పుడు ఇచ్చిన మజూరీ, తరుగూ అంతా పోయిందండి. వారం కూడా వేసుకోలేదు అని చెప్పినా షాపువాడు వినలేదు."

"ఇగ సగం పని నీకొచ్చినట్టే" అని, నన్ను అప్పుడే ఉద్యోగంలోకి తీసుకున్నారు.

ఆ సగం పని ఏమిటో తర్వాత అర్థమైంది. ఏ పిస్తోలు వచ్చినా ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఇది ఇంకా తయారవుతోందా? అవుతుంటే ధర మన చేతిలో లేదు, తయారుచేసేవాడి చేతిలో ఉంది. ఈవేళ దుకాణంలో కొత్తది ఎంతకు దొరుకుతుందో చూసుకుని, అక్కడి నుంచి కిందికి దిగాలి. గడప దాటగానే కొంత పోతుంది, అచ్చం నా గాజుల మజూరీలాగే. పైన బంగారు పూత పూయించినా, పేరు చెక్కించినా కొన్నవాడికి ముద్దే గానీ మళ్ళీ కొనేవాడికి అక్కర్లేదు, ఇంకొకరి పేరున్న పిస్తోలు వాడికెందుకు? తయారీ ఆగిపోయినవాటి లెక్క వేరు. వాటికి దుకాణం ధర లేదు. ఎన్ని మిగిలాయి, ఎంత చెడకుండా మిగిలాయి, వాటిని కోరుకునే మనుషులు ఇంకా ఉన్నారా అన్నదే లెక్క. అలాగని పాతదల్లా గొప్పది కాదని కూడా ఆయనే చెప్పేవారు. బోలెడన్ని తయారై బోలెడన్ని మిగిలిన పాతది కేవలం పాతది. ఇక కంపెనీవాడే 'అరుదైన రకం' అని పెట్టె మీద అచ్చువేసి అమ్మే కొత్తవాటిని చూస్తే ఆయనకి నవ్వొచ్చేది. అరుదు అనేది కాలం తేల్చాలి, అమ్మేవాడు కాదు అనేవారు.

కథ ముందు వినకపోవడం కూడా ఆయన పద్ధతే. ధర కాగితం మీద పడేదాకా యజమానిని నోరు విప్పనిచ్చేవారు కాదు. "కథ ముందుగాల వింటే చెయ్యి బరువైతది బిడ్డా. మనం మంచోళ్ళం, అదే మన రోగం" అనేవారు. ధర రాశాక మాత్రం కుర్చీ జరుపుకుని, ఇక్కడి కాఫీ ఖహ్వా పోయించి, ఎంతసేపైనా వినేవారు. ఒక ముసలాయన తన తండ్రి ముత్యాల కోసం సముద్రంలో మునిగిన రోజుల గురించి చెబుతుంటే ఆయన కళ్ళు తడవడం నేను చూశాను. ధర మాత్రం అంగుళం కదల్లేదు. నాకు అప్పట్లో అది కొంచెం రాతిగుండె వ్యవహారంలా అనిపించేది.

బూ జాసిమ్, అంటే జాసిమ్ తండ్రి అని అందరూ పిలిచే పెద్దాయన ఇంటికి మొదటిసారి ఆయన వెంటే వెళ్ళాను. అల్ వుకైర్ అవతల పెద్ద ఇల్లు. అతిథుల్ని కూర్చోబెట్టే మజ్లిస్ గదిలో ఆ పెద్దాయన తన సేకరణ అంతా పరిచి పెట్టాడు. బీమా కోసం ధర కావాలి. వాటిలో ఒక పెట్టెలో చెకుముకి రాయితో పేలే కాలం నాటి పిస్తోళ్ళు రెండు, తల ఒకవైపు తోక ఒకవైపు పెట్టి ఉన్నాయి. ఒకేచోట, ఒకే చేత్తో చేసినవి, గొట్టం మీద సన్నటి బంగారు తీగతో ఒకదానికి ఒకటి, రెండోదానికి రెండు అని అంకె పొదిగి ఉంది. పక్కనే బంగారు పూతతో ధగధగలాడే కొత్త పిస్తోళ్ళు ఇంకో రెండు. అవి ఆయన తన ఇద్దరు కొడుకుల కోసం కొన్నవి.

ధర రాయడం అయిపోయింది కదా, ఇక మాట్లాడవచ్చనుకుని నేను పాత పెట్టె వైపు చూపించి, ఎంత బాగున్నాయండీ అన్నాను. గోదావరి జిల్లాల వాళ్ళం, ఎవరింటికి వెళ్ళినా కర్టెన్ల దగ్గర్నుంచి మెచ్చుకుంటే గానీ మాకు కాఫీ దిగదు. పెద్దాయన వెంటనే రెండు అంకె ఉన్నదాన్ని రెండు చేతులా తీసి నా ముందు పెట్టాడు. "ఇది నీదే బింతీ" అన్నాడు. అంటే నీదే బిడ్డా అని. వేళాకోళం కాదు, నిజంగానే ఇస్తున్నాడు. గంగారాం సార్ ఛాతీ మీద చెయ్యి వేసుకుని, తనకొచ్చిన అరబ్బీలో ఏదో అన్నారు. దానికి నా తెలుగు ఇది: "ఇది మా ఇంటికొస్తే అక్కడ దీనికీ నిద్ర పట్టదు, ఇక్కడ దాని జతకీ నిద్ర పట్టదు. మీ దగ్గరే కలిసి ఉండనివ్వండి." బూ జాసిమ్ పకపకా నవ్వి, దాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టాడు.

కారెక్కాక నాకు పాఠం మొదలైంది. "ఈ దేశంల వస్తువును మెచ్చుకుంటే అడిగినట్టే. మెచ్చుకోవాలని నాలుక గుంజితే మనిషిని మెచ్చుకో."

"పొరపాటైందండి. అయినా ఒక్కదానికి అంత ధర ఉంటుందా?"

"ఒక్కదానికి లేదు. అదే చెప్తున్న. ఆ కొత్తవి రెండున్నయి గదా, ఒకటి దోహాల ఒకటి దుబాయ్‌ల పెట్టి అమ్ము, ధర మారదు. దాని తోటిది రేపు మళ్ళ ఫ్యాక్టరీ నుంచి వస్తది. ఈ పాత జతను విడగొడితే, రెండిటివి కలిపినా జత ధరల సగం రాదు. దీనికి తోడు ఇగ పుట్టదు."

కొన్నేళ్ళకి బూ జాసిమ్ చనిపోయాడు. ఆస్తి ముగ్గురికి: పెద్దకొడుకు జాసిమ్, అతని తమ్ముడు, చెల్లెలు మునీరా. మునీరా బడిలో టీచరు. ఇక్కడి చట్టం ప్రకారం కూతురి వాటా కొడుకు వాటాలో సగం. ఇల్లూ భూమీ గొడవ లేకుండానే తేలిపోయాయి. మిగిలింది ఆ సేకరణ. అన్నలు వస్తువులు తీసుకుని, చెల్లెలికి ఆమె వాటా మేరకు ఫులూస్, అంటే డబ్బు, ఇచ్చేద్దామనుకున్నారు. ఎంత ఇవ్వాలన్నది మేం కట్టే ధరను బట్టి ఉంటుంది.

జాసిమ్ మా ఆఫీసుకి వచ్చాడు. మర్యాదస్థుడు, మెల్లగా మాట్లాడతాడు. తండ్రి కొన్న కొత్త పిస్తోళ్ళ బిల్లు తెచ్చాడు. గంగారాం సార్ ఆ బిల్లు చూసి పక్కన పెట్టి, అందులో సగానికి కూడా తక్కువ ధర చెప్పారు. జాసిమ్ మొహం కందగడ్డ అయింది. తండ్రి చేతి కానుకని అంత చవక చేస్తే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు? ధర ఎక్కువ రాస్తే చెల్లెలికి ఎక్కువ ఇవ్వాల్సి వచ్చేది తనే అన్న సంగతి ఆ కోపంలో అతనికి తట్టలేదు. తట్టాక, పాత జత సంగతి ఎత్తాడు. "అవి నేనొకటి, తమ్ముడొకటి తీసుకుంటున్నాం. కాబట్టి ఒక్కొక్కదాని ధర విడిగా వేసి కలపండి."

"మీ నాన్నగారు పోయిన రోజున అవి ఎలా ఉన్నాయి?" అన్నారు గంగారాం సార్ అరబ్బీలో.

"పెట్టెలో."

"పెట్టెలో జతగా ఉన్నాయి. నేను చూసింది అదే, రాసేది అదే. తర్వాత మీరు విడదీస్తే తగ్గేది మీ సొమ్ము. మీ చెల్లెలిది తగ్గకూడదు."

జాసిమ్ సలాం చెప్పి, నేరుగా మా యజమాని గదిలోకి వెళ్ళాడు. ఇద్దరూ చిన్నప్పటి స్నేహితులు.

మా యజమాని చెడ్డవాడు కాదు. సాయంత్రం తనే మా గదికి వచ్చి, రెండు ధరలూ నిజమే కదా, విడి ధర రాస్తే అది అబద్ధం అవదు కదా అని నచ్చజెప్పాడు. మాటల మధ్యలో, నీ కాంట్రాక్టు కాగితం నా బల్ల మీదే ఉంది గంగారాం, ఈ నెల దాటకముందే చూస్తాను అని కూడా అన్నాడు. అరవై దాటినవారిని కొనసాగించాలంటే యజమాని సంతకం పడాలి. జగిత్యాల దగ్గర గంగారాం సార్ ఇల్లు గోడల దాకా లేచి, స్లాబు కోసం ఆగి ఉంది. ఇంకో రెండేళ్ళు చేస్తే తప్ప ఆ స్లాబు పడదు. ఇదంతా నాకు తెలుసు, అందుకే ఆయన మీద కోపం వచ్చింది.

"ఆవిడ డబ్బున్న ఆవిడేనండి. కొంచెం తగ్గితే ఏమైపోతుంది? మీ సంగతి చూసుకోవద్దా?" అన్నాను.

"ఆమె ధనవంతురాలు అన్నది కథ బిడ్డా. నా స్లాబు కూడ కథే. రెండు కథలు పక్కకు పెట్టి చెప్పు, పెట్టెల ఏమున్నది?"

ఆయనే జత ధర రాసి సంతకం పెట్టారు.

ఆ కాగితం చదివి వినిపించడానికి మళ్ళీ అదే మజ్లిస్‌కి వెళ్ళాం. మధ్యాహ్నం దాటాక చేసే అస్ర్ నమాజు అయ్యాక అందరూ చేరారు. అన్నలిద్దరూ ఒక వైపు, మునీరా ఎదురుగా. నేను ఒక్కొక్క వస్తువూ చదువుతూ పోయాను. జత దగ్గరికి వచ్చేసరికి జాసిమ్ చెయ్యెత్తి ఆపాడు. చెల్లెలి వైపు తిరిగి, చాలా నెమ్మదిగా అన్నాడు: "అంత విలువైనదని వీళ్ళు అంటున్నారు. మాకు నమ్మకం లేదు. నీకు నమ్మకం ఉంటే నీ వాటా కింద ఆ పెట్టె నువ్వే తీసుకో. మేం రియాల్ కూడా అడగం, నువ్వూ మమ్మల్ని అడగకు."

అప్పటిదాకా ఆ ధర మునీరాని కాపాడుతోంది. ఒక్క మాటతో అది ఆమె నెత్తిన పడింది. ఆ జత ధర ఇంచుమించు ఆమె వాటా అంతే, కాబట్టి ధర నిజమైతే ఆమెకి నష్టం లేదు. ఎక్కువ కట్టి ఉంటే మాత్రం తండ్రి సేకరణలో తనకి రావలసిందంతా రెండు పాత ఇనప గొట్టాల కింద పోయినట్టే. ఆమె గంగారాం సార్ వైపు చూసి, "ఈ ధర వస్తుందా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకి ఆయన ఎప్పుడూ జవాబు ఇవ్వరు. అది నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. ధర కట్టేవాడు జోస్యం చెప్పకూడదని, మార్కెట్టు పరిస్థితిని బట్టి అని ఒక వాక్యం రాసి తప్పుకోవాలని నాకు నేర్పింది ఆయనే. ఆ వాక్యం మేం చదువుతున్న కాగితం అడుగున కూడా ఉంది. దాన్ని వేలితో చూపిస్తారనుకున్నాను. ఆయన కాసేపు పెట్టె వైపే చూశారు.

"వస్తుంది. తొందరపడి అమ్మకపోతే వస్తుంది" అన్నారు.

మునీరా తల ఊపి, పెట్టె మూత వేసి తన వైపు జరుపుకుంది. జాసిమ్ యల్లా, ఇక పదండి అని లేచాడు, అతని తమ్ముడు ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది. వాళ్ళ లెక్కలో చవకలో బయటపడ్డారు.

తిరుగు దారిలో గంగారాం సార్ చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

"తప్పు చేసిన్నా బిడ్డా?"

"మీరు రాసింది నిజమే కదండీ."

"రాసుడు వేరు. రాసినదాని పక్కన నిలబడుడు వేరు. ఆమె తన వాటా అంత నా నోటి మీద పెట్టింది."

కాంట్రాక్టు కాగితం మీద సంతకం పడలేదు. గొడవేమీ జరగలేదు, నెల గడిచిపోయింది, అంతే. మా యజమాని మంచి విందు ఇచ్చి, శాలువా కప్పి పంపించాడు. విమానాశ్రయంలో గంగారాం సార్ నాకు చెప్పిన ఆఖరి మాట జాగ్రత్త అనో, సెలవు అనో కాదు. "పెట్టె అమ్మకానికొస్తే ఫోన్ చెయ్యి" అన్నారు.

ఆయనే చేసేవారు. ఊళ్ళో వానలు, మోకాళ్ళ నొప్పులు, ఇల్లు, అన్నీ అయ్యాక చివర్లో, మరీ పట్టించుకోనట్టు, "పెట్టె పోయిందా?" అని అడిగేవారు. ఇంకా లేదండీ అనేదాన్ని. అన్న ప్రతిసారీ అవతల చిన్న నిట్టూర్పు. ఆ ధర రాకపోతే ఒక టీచరమ్మకి తన వల్ల అన్యాయం జరుగుతుందన్న బెంగ ఆయన్ని ఊళ్ళో కూడా వదల్లేదు. తన ఉద్యోగం పోయిందన్న మాట ఒక్కసారి కూడా ఆయన నోట రాలేదు. నాకు మాత్రం ఆయన నంబరు చూస్తేనే బాధగా ఉండేది.

ఆ మరుసటి ఏడు మునీరా బీమా పని మీద మా ఆఫీసుకి వచ్చింది. నేను ఉండబట్టలేక, పెట్టె ఎప్పుడు అమ్మకానికి పెడతారని అడిగాను. ఆమె ఆశ్చర్యపోయింది. "అమ్మడం ఏమిటి? అవి మా నాన్నవి. విడిపోకుండా ఉంటే చాలనుకున్నాను."

"మరి ఆ రోజు, ఈ ధర వస్తుందా అని ఎందుకడిగారు?"

"రాదని ఆయన అంటే అప్పుడు కూడా తీసుకునేదాన్నే. కానీ అన్నల ముందు నాకు ఒక్కరైనా గట్టిగా వస్తుందని చెప్పాలనిపించింది."

ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. ఆయన బెంగ తీరిపోతుందని, సంతోషిస్తారని నా తొందర. మునీరా అన్న మాటలన్నీ వరసగా చెప్పాను. అవతల కాంక్రీటు కలిపే మిక్సర్ చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఎక్కడెక్కడో సర్దుబాటు చేసుకుని స్లాబు వేయిస్తున్నారట.

"ఆమెకు అమ్మే అక్కర పడకపోతే మంచిదే" అన్నారు చివరికి. "అంటే, నేను కట్టింది సరైందో కాదో ఇగ ఎవలకు తెల్వదన్నట్టు."

"సరైందేనండీ."

"నువ్వెట్ల చెప్తవ్? కొనేటోడు చెప్పాలె." అని, "ఆ ధర పలుకుడు ఒక్కసారి చూస్తే బాగుండు బిడ్డా" అన్నారు.

ఆ తర్వాత పెట్టె గురించి ఆయన అడగలేదు. పోయినేడు గుండెపోటుతో పోయారు.

బీమా కోసం ఏటా మునీరా ఇంటికి వెళ్ళి ఆ జతకి నేనే ధర కడుతున్నాను. ఆయన రాసింది చూడకుండా, మొదటినుంచీ నా లెక్క నేను వేస్తాను. ఎలా వేసినా నాది ఆయనదానికన్నా కొంచెం తక్కువే వస్తుంది. ఆ తగ్గింది ఆ పిస్తోళ్ళ విలువలోనో, నా ధైర్యంలోనో నాకు తేలదు. సంతకం పెట్టాక మునీరా కాగితం అందుకుని ప్రతిసారీ అదే ప్రశ్న అడుగుతుంది, ఈ ధర వస్తుందా అని. కాగితం అడుగున తప్పుకునే వాక్యం ఇప్పటికీ ఉంది. నేను దాని వైపు చూడను. వస్తుందనే చెబుతాను. కానీ ఆ మాట అనడానికి ఆయన కన్నా నాకు చాలా ఎక్కువ సేపు పడుతోంది.